వానకు ఆపిన మూడు లక్షలు

2023 డిసెంబరు మొదటి సోమవారం. మేడ్చల్‌లో హైవే పక్కన, సిమెంటు, ఇనుము అమ్మే దుకాణం మీది అంతస్తులో నా ఆఫీసు. కింద లారీలోంచి ఊచలు దించుతుంటే పైన నా టేబుల్ మీది టీ గ్లాసు కూడా మోగుతుంది. చార్టర్డ్ అకౌంటెంటుగా అప్పటికి పదిహేడేళ్లు ఆ మోతలోనే పనిచేశాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది భూములున్న కుటుంబాలవాళ్లు. పొలంలో కొంత అమ్మి, మిగిలిన జాగాలో కిరాయి ఇళ్లు కట్టుకున్నవాళ్లు. ఆ ఇళ్లలో జీడిమెట్ల ఫ్యాక్టరీలకు వెళ్లేవాళ్లు, సుచిత్ర చౌరస్తా షాపుల్లో పనిచేసేవాళ్లు ఉంటారు.

ఆ ఉదయం యాదిరెడ్డి వచ్చాడు. శామీర్‌పేటలో ఆయనకు పది పోర్షన్ల భవనం ఉంది. కట్టి ఇంకా ఏడాది కాలేదు. మా నాయిన, ఆయన ఒకే బడిలో చదువుకున్నారు. అందుకే నేను ఆయన్ను కాకా అంటాను, ఆయన నన్ను బిడ్డా అంటాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో రెండు కాగితాలు. ఒకటి ఆదాయపు పన్ను శాఖ నుంచి వచ్చిన లేఖ. రెండోది దానికి జవాబు, నెట్ సెంటరులో టైపు చేయించి తెచ్చాడు.

"గిది పంపియ్యి బిడ్డా. రాసుడు అయిపోయింది. నువ్వు ముద్ర గుద్దుడే ఉన్నది."

"చదివి గుద్దుతాను కాకా."

"సదువు. తప్పులేముండయి. మస్తు మంచిగ రాసిండు."

శాఖ అడిగింది ఒకటే ప్రశ్న. మీరు ఇల్లు కట్టించినప్పుడు కాంట్రాక్టరుకు ఇచ్చిన డబ్బు మీద టీడీఎస్ కట్టారా, కడితే వివరాలు చూపండి అని. టీడీఎస్ అంటే, డబ్బు ఇచ్చేవాడు ఇచ్చేటప్పుడే అందులో కొంత పన్నుగా ఆపి, తీసుకునేవాడి పేరు మీద ప్రభుత్వానికి జమ చేయడం. ఇది కంపెనీలకే అనుకుంటారు చాలామంది. కానీ 194ఎం అనే సెక్షను ఒకటుంది. లెక్కలకు ఆడిట్ అవసరం లేని మామూలు మనిషి కూడా, ఒక కాంట్రాక్టరుకు ఒకే ఆర్థిక సంవత్సరంలో మొత్తం యాభై లక్షలు దాటి ఇస్తే పన్ను ఆపాలి. సొంత ఇంటికైనా సరే. అప్పట్లో ఐదు శాతం ఆపాలి, 2024 అక్టోబరు నుంచి అది రెండు శాతమైంది. ఆపిన నెల ముగిశాక ముప్పై రోజుల్లో 26క్యూడీ అనే ఫారంతో కట్టాలి. ఇద్దరి పాన్ నంబర్లు ఉంటే చాలు. కాంట్రాక్టరు తన రిటర్నులో ఆ డబ్బును తను ముందే కట్టిన పన్నుగా చూపించుకుంటాడు, ఎక్కువైతే వెనక్కి తీసుకుంటాడు.

యాదిరెడ్డి తెచ్చిన జవాబులో ఇలా ఉంది: నేను బాధ్యత గల పౌరుడిని, కాంట్రాక్టరుకు అరవై లక్షలు ఇచ్చాను, అతని దగ్గర పన్ను కింద మూడు లక్షలు కోసుకున్నాను.

అరవైకి ఐదు శాతం సరిగ్గా మూడే. లెక్క ముద్దుగా కుదిరింది. నాకు భయం వేసింది అందుకే.

"కాకా, మూడు లక్షలు కోసి ఎక్కడ కట్టారు?"

"ఏడ కట్టుడు? సాయిలుకే ఇచ్చిన. మొన్న దసరాకు."

సాయిలు ఆ భవనం కట్టిన మేస్త్రీ. సామానుతో సహా కాంట్రాక్టు అతనిదే.

"పన్నని ఆపింది మళ్లీ సాయిలుకు ఎందుకిచ్చారు?"

నేనేదో పిచ్చి ప్రశ్న అడిగినట్టు చూశాడు. "వానలు దాటినయి గద బిడ్డా! స్లాబు ఒక్క సుక్క గారలే. ఇయ్యకుంటె మాట పోదా?"

అప్పుడు అర్థమైంది నాకు. మా వైపు ఇల్లు కట్టించేవాళ్లకు ఒక పద్ధతి ఉంది. పని అంతా అయ్యాక కూడా ఆఖరు డబ్బు కొంత ఇవ్వరు. ఒక వానాకాలం చూస్తారు. స్లాబు కారకపోతే, గోడలు చెమ్మగిల్లకపోతే, దసరా వేళకు పిలిచి ఆ డబ్బు చేతిలో పెడతారు. వాన పైసలు అంటారు. కాగితం మీద ఒప్పందాలేవీ లేకుండా ఎన్నో ఏళ్లుగా నడుస్తున్న నియమం. యాదిరెడ్డి అరవై మూడు లక్షల పనిలో మూడు లక్షలు వానకు ఆపాడు, మాట ప్రకారం తిరిగిచ్చాడు. దానికీ పన్నుకూ ఏ సంబంధమూ లేదు.

"మరి పన్ను కింద కోసుకున్నానని ఎందుకు రాయించారు?"

"నెట్ సెంటరాయన అన్నడు, కోసిన అని రాస్తె సర్కారు ఖుషీ అయితది అని. మూడు లక్షలు ఎట్లనన్న ఆపిన గద. అబద్ధం ఎట్లయితది?"

నేను ఆ కాగితాన్ని బోర్లించి పెట్టాను. "కాకా, పన్ను ఆపాలని తెలియక ఆపకపోవడం ఒక తప్పు. దానికి దారి ఉంటుంది. పన్నని చెప్పి ఒకరి డబ్బు కోసి, ప్రభుత్వానికి కట్టకపోవడం వేరే నేరం. దానికి జైలు దాకా తీసుకెళ్లే సెక్షను ఉంది. మా చర్చి సంఘంలో ఆదివారం కానుకల సంచి పట్టేవాడు సంచి తిప్పి, పెట్టెలో వేయకుండా ఇంటికి పోతే ఎలా ఉంటుందో ఇదీ అంతే. మీరు చేయని నేరం మీరే సంతకం పెట్టి ఒప్పుకుంటున్నారు."

ఆయన ముఖంలో రంగు మారింది. లేచి నిలబడ్డాడు.

"అయితె ఒకటే దారి. సాయిలుకిచ్చిన మూడు లక్షలు మళ్ల తెస్త. సర్కారుకు కడ్త. దసరాకియ్యకుంటె గీ లొల్లే లేకపోవు."

"సాయిలు దగ్గర ఉన్నాయా అవి?"

"ఉంటయా? సెంట్రింగ్ ప్లేట్లు కొన్నడు. ఇంకేంది, అమ్మాలె!"

*

మరునాడు సాయిలు వచ్చాడు, వెంట భార్య అంజమ్మ కూడా. సాయిలు వాళ్లది శామీర్‌పేట చెరువు మీద బతికిన కుటుంబం. అతని తండ్రి వల వేసేవాడు, అంజమ్మ ఇప్పటికీ కట్ట దగ్గర చేపలు అమ్ముతుంది. సాయిలు మాత్రం పదిహేనో ఏట తాపీ పట్టుకున్నాడు, ముప్పై ఏళ్లకు మేస్త్రీ అయ్యాడు. అయితే సొంత సామాను లేని మేస్త్రీ. స్లాబు వేయాలంటే కింద పరిచే ఇనుప ప్లేట్లు, వాటిని మోసే జాకీలు కావాలి. దానినే సెంట్రింగ్ సామాను అంటారు. అది ఇన్నేళ్లూ రోజు కిరాయికి తెచ్చేవాడు. వాన పడి పని ఆగినా కిరాయి ఆగదు. వాన పైసలు చేతికొచ్చిన వారంలోనే ఆ మూడు లక్షలూ పెట్టి పాత ప్లేట్లూ, జాకీలూ కొనుక్కున్నాడు. ఆ ప్లేట్ల ధైర్యంతోనే దేవరయాంజాల్‌లో ఒక ఇంటి పని ఒప్పుకున్నాడు.

యాదిరెడ్డి అప్పటికే వచ్చి కూర్చున్నాడు. మాట నేరుగా మొదలుపెట్టాడు.

"సాయిలూ, నీకిచ్చిన మూడు లక్షలు తెచ్చియ్యాలె. సర్కారు అడుగుతాంది."

సాయిలు నిలబడే ఉన్నాడు. ఊళ్లో భూములున్న పెద్దలను పిలిచినట్టే యాదిరెడ్డినీ పటేలా అంటాడు. "పటేలా, స్లాబు గారిందా?"

"గారలే."

"గోడ పలిగిందా?"

"పలగలే అని చెప్తున్న గద."

"మరి నా పైసలు నాకిచ్చినవ్. మళ్ల ఎందుకిమ్మంటున్నవ్? ప్లేట్లు అమ్మితె సగం ధర గూడ రాదు. దేవరయాంజాల్ పని ఇడిచిపెట్టాలె. ఇగ మళ్ల కిరాయి బతుకే."

"నేనేం జెయ్యాల్రా? కట్టకుంటె నన్ను లోపలేస్తరంట. ఈమెనే అన్నది."

నేను అలా అనలేదు. కానీ సగం విన్న మాట భయంలో అలాగే వినిపిస్తుంది. సరిచేయబోయేలోపు యాదిరెడ్డి రెండో ఉపాయం తీశాడు.

"లేకుంటె ఇట్ల జేద్దాం. అరవై లక్షలు రెండు ముక్కలు చేద్దాం. ముప్పై సాయిలుకిచ్చిన అని, ముప్పై అంజమ్మకిచ్చిన అని. ఎవ్వరిదీ యాభై దాటది. పాత తారీఖు ఏసి ఒక కాయితం రాస్కుందాం. అందరు గట్లనే జేస్తరు బిడ్డా."

అంజమ్మ పకపకా నవ్వింది. "నేను కట్టిన్నా పటేలా నీ బిల్డింగు? నాకు సాపలు తూకమేసుడొస్తది గని గోడకు తూకమేసుడు రాదు. రేపు సర్కారోడొచ్చి, ఏమమ్మా, పిల్లరుకు ఎన్ని ఊచలు కట్టినవ్ అంటె, బొమ్మిడాయిలన్ని అని చెప్పాల్నా?"

సాయిలు కూడా ఆపుకోలేక నవ్వాడు. యాదిరెడ్డి నవ్వలేదు. నా వైపు తిరిగాడు. "ఏం బిడ్డా, నీ దేవుడు ఒక్కపారి కండ్లు మూసుకోడా? మంచికోసమే గద."

ఈ ప్రశ్న నన్ను ఇదివరకు చాలామంది అడిగారు. కొందరు ఎగతాళికి, కొందరు నిజంగా. మా నాయిన సంఘ పెద్దగా ఉన్నప్పుడు ఆదివారం కానుకలు ఎప్పుడూ ఒక్కడే లెక్కపెట్టేవాడు కాదు. రెండో మనిషి వచ్చేదాకా సంచి ముడి విప్పేవాడు కాదు. నీ మీద నీకే నమ్మకం లేదా నాయినా అని అడిగితే, ఉంది కాబట్టే కాపాడుకుంటున్నా అనేవాడు. నాకు బైబిలు వాక్యం అర్థమైంది ప్రసంగాల కంటే ఎక్కువగా ఆ సంచి ముడి దగ్గర.

"కాకా, సాయిలు మంచి మేస్త్రీ అని మీకు తెలుసు. అయినా స్లాబు వాన చూసేదాకా డబ్బు ఆపారు. నా సంతకం కూడా అంతే. వాన పడ్డప్పుడు అది కారకూడదు. పాత తారీఖు కాగితం మొదటి వానకే కారుతుంది."

ఆయన పాత తారీఖు మాట వదిలేశాడు. వాన పేరు ఎత్తితే ఆయన నోరు మూసుకుంటాడని నాకప్పుడే తెలిసింది.

*

చట్టంలో దారి ఉంది, అయితే అది సాయిలు చేతిలో ఉంది.

పన్ను ఆపకుండా డబ్బు ఇచ్చినా, తీసుకున్న మనిషి ఆ రాబడిని తన రిటర్నులో చూపించి, తన మీద పడే పన్ను కట్టేసి ఉంటే, ఆ మేరకు అకౌంటెంటు సర్టిఫికెట్ ఇస్తే, ఇచ్చినవాడిని పన్ను ఎగ్గొట్టినవాడిగా చూడరు. ఆలస్యానికి వడ్డీ మాత్రం కట్టాలి. అంటే ప్రభుత్వానికి రావాల్సింది ఒక తలుపు నుంచి రాకపోయినా ఇంకో తలుపు నుంచి వచ్చిందని చూపించాలి. సాయిలుకు అరవై లక్షలు అందిన, మార్చితో ముగిసిన ఆర్థిక సంవత్సరపు రిటర్ను ఆలస్య రుసుముతో వేయడానికి గడువు డిసెంబరు ముప్పై ఒకటి. మా చేతిలో ఇరవై ఆరు రోజులున్నాయి. సాయిలు జీవితంలో ఎప్పుడూ రిటర్ను వేయలేదు.

రిటర్ను మాట వినగానే అతను కుర్చీ అంచుకు జరిగాడు. "మేడం, అరవై లక్షలకు నేను పన్ను కట్టాలంటె యాడికెల్లి తేవాలె? ప్లేట్లే గాదు, ఇల్లు గూడ పోతది."

"అరవై లక్షలు నీ ఆదాయం కాదు సాయిలూ. నీ చేతి మీదుగా పోయినవి. ఎక్కడికి పోయాయి?"

"సిమెంటుకు, స్టీలుకు, ఇసుకకు, కూలోళ్లకు."

"నీలాంటి చిన్న కాంట్రాక్టర్ల కోసమే చట్టంలో ఒక వెసులుబాటు ఉంది. బ్యాంకు ద్వారా వచ్చిన రాబడిలో కనీసం ఆరు శాతం లాభంగా చూపిస్తే చాలు, లెక్కల పుస్తకాలు అడగరు. నగదుగా వచ్చినదానికి ఎనిమిది శాతం. పటేల్ నీకు అంతా బ్యాంకు ద్వారానే ఇచ్చాడు. అరవైకి ఆరు శాతమంటే మూడు లక్షల అరవై వేలు. మిగతా చిన్న పనులు కలిపినా ఐదు లక్షలు దాటకపోతే పన్ను సున్నా. ఆలస్యానికి వెయ్యి రూపాయలు."

"వెయ్యేనా?"

"వెయ్యే. కానీ ఒక మాట. నిజంగా అంతకంటే ఎక్కువ మిగిలితే ఆ ఎక్కువే చూపించాలి. ఎంత మిగిలింది?"

సాయిలు భార్య వైపు చూశాడు. అంజమ్మ నడుము మీద చేయి పెట్టుకుంది. "ఐదు లక్షలు మిగిలితె నేను కట్ట మీద ఎండల గూసోని సాపలమ్ముదునా అమ్మా? ఈయన లెక్క ఈయనకే ఎర్కలేదు, నాకెర్క. తెస్త ఆగు."

తెచ్చేదేమీ లేదు, ఆ లెక్క ఆమె వెంటే ఉంది. ప్లాస్టిక్ సంచి ఒకటి, మూడు ముళ్లు వేసి ఉంది. ముళ్లు విప్పి టేబుల్ మీద బోర్లించింది. సిమెంటు బిల్లులు, ఇసుక లారీ చీటీలు, కూలీల హాజరు రాసిన అగ్గిపెట్టె అట్టలు కింద పడ్డాయి. సన్నగా చేపల వాసన గది అంతా నిండింది. యాదిరెడ్డి కండువా ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"ముక్కు మూసుకోకు పటేలా. సాప తాజాదా కాదా అంటె మొప్ప లేపి సూస్తం. కాయితం గూడ గంతే. లేపి సూసుకొమ్మను మేడంను."

నేను ఒక్కొక్కటే లేపి చూస్తున్నాను. అడుగున పసుపు మరక పడ్డ ఒక మందపాటి కార్డు దొరికింది. యాదిరెడ్డి భవనం గృహప్రవేశం కార్డు. ముందు ముహూర్తం, తేదీ, విందు. వెనక్కి తిప్పితే పెన్నుతో రెండు వరుసలు: "సాయిలుకు ఇచ్చేది బాకీ మూడు లక్షలు. స్లాబు వాన చూసినంక." కింద యాదిరెడ్డి సంతకం, ఆ రోజు తేదీ.

"గిది నా రాతే!" అన్నాడు ఆయన, ఎప్పుడో పోయిన వస్తువు దొరికినట్టు. "ఆ దినం బంతులు నడుస్తున్నయి. సాయిలు వచ్చి, పటేలా, మాటకు కాయితం ఉండాలె అన్నడు. చేతిల కార్డే ఉండె."

"నేనన్లే, మా ఇంటిదన్నది," అన్నాడు సాయిలు.

నా వేళ్లు ఆ కార్డు మీద ఆగిపోయాయి. ఆ మూడు లక్షలు పన్ను కాదని, వాన కోసం ఆపినవని చెప్పే సాక్ష్యం అదే. శాఖ లేఖ రావడానికి పది నెలల ముందు, ఎవరికీ ఏ భయమూ లేని రోజున రాసింది. దానికంటే గట్టి కాగితం నేను తయారు చేయలేను.

కానీ నేను ఆగింది అందుక్కాదు. అదే కార్డు నాకూ వచ్చింది. ఆ విందుకు నేనూ వెళ్లాను. మూడో బంతిలో కూర్చుని తిన్నాను. పది పోర్షన్లు, మెట్లు, నీళ్ల ట్యాంకు అన్నీ తిరిగి చూసి, మంచిగా కట్టించారు కాకా అని మెచ్చుకుని వచ్చాను. ఆర్థిక సంవత్సరం ముగియడానికి ఇంకా నెలకు పైగా ఉంది. ఎవరు కట్టారు, ఎంతయింది అని ఒక్క మాట అడిగి ఉంటే, ఆ గడువులోనే పన్ను కట్టించేవాళ్లం. జులైలో ఆయన రిటర్ను వేసిందీ నేనే. కిరాయి ఎంత వస్తుందో అడిగాను. ఆ కిరాయి తెచ్చే ఇల్లు ఎలా లేచిందో అడగలేదు.

మా లేఖనాల్లో పన్ను వసూలు చేసేవాళ్ల సంగతి వస్తుంది. ఆదివారం బడిలో మేం వాళ్ల గురించి విని నవ్వుకునేవాళ్లం. ప్రభువు అలాంటి ఒకడి ఇంటికి వెళ్తే, ఆ మనిషి అన్యాయంగా తీసుకున్నది తిరిగిస్తానని లెక్కలు సరిదిద్దుకున్నాడు. నేను వెళ్లిన ఇంట్లో తిని, చేయి కడుక్కుని వచ్చాను.

మా సంఘంలో నెలనెలా మొదటి ఆదివారం, రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల ఉంటుంది. ఎవరి పట్లనైనా తప్పు చేసి ఉంటే ముందు వాళ్లతో సమాధానపడి రమ్మంటారు. తర్వాతి బల్ల దాకా ఎందుకని అక్కడే చెప్పేశాను.

"కాకా, ఇందులో తప్పు నాది కూడా ఉంది. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. అడగాల్సింది, అడగలేదు. ఈ పనికి మీ ఇద్దరి దగ్గరా ఫీజు తీసుకోను."

యాదిరెడ్డి అయోమయంగా చూశాడు. "నువ్వేం తప్పు జేసినవ్ బిడ్డా? పిలిచినం, తిన్నవ్."

"అదే కాకా తప్పు."

ఆయన తల గోక్కున్నాడు. "గిదేం పరేషాన్ రా. సదువుకున్నామె తప్పు ఒప్పుకుంటాంది. ఇగ నేను ఉల్టా మాట్లాడితె బాగుండదు."

అంజమ్మ ఆ సందు వదల్లేదు. "పటేలా, ఒక్క మాట. మావోడు రిటర్ను ఏస్తెనే నువ్వు బయట పడ్తవంట. ప్లేట్లు అమ్ముమన్న మనిషి కోసం మావోడు ఎందుకెయ్యాలె?"

ఆమె అన్నది నిజం. రిటర్ను వేయడం సాయిలుకు మంచిదే, ఆ మాట ఆమెకు చెప్పాను కూడా. కానీ ఆమె అడుగుతున్నది మంచి చెడ్డల సంగతి కాదు, మాట.

యాదిరెడ్డి కార్డును తన వైపు లాక్కున్నాడు. తన రాత మళ్లీ ఒకసారి చదువుకున్నాడు.

"ప్లేట్ల మాట ఇడిచిపెట్టిన," అన్నాడు. "వాన దాటినంక ఇచ్చిన పైసలు మళ్ల అడిగితె, శామీర్‌పేటల నా ఇంటికి ఇంకో మేస్త్రీ రాడు. వడ్డీ ఎంతైతె గంత నేనే కడ్త. సాయిలు మీద ఒక్క రూపాయి ఎయ్య."

సాయిలు అప్పుడు కూర్చున్నాడు, సరిగ్గా. "నీ స్లాబు గారకుండ ఏసిన పటేలా. గిది గూడ గారకుండ ఏస్త. ఎట్లెయ్యాల్నో మేడం చెప్పాలె."

*

వేయడం అనుకున్నంత తేలిక కాలేదు. రిటర్ను వేశాక అది తనదేనని ధ్రువీకరించాలి. దానికి ఆధార్‌కు కలిపి ఉన్న ఫోనుకు ఒక సంఖ్య వస్తుంది. సాయిలు ఆధార్‌కు కలిపిన సిమ్ము ఏదని అడిగితే, భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకున్నారు.

"చెరువుల ఉన్నది," అన్నాడు సాయిలు.

"నాలుగేండ్లయింది," అంది అంజమ్మ. "మా మామతోని వల గుంజుతుంటె జేబుల నుంచి జారింది. ఏ బొచ్చె సాపో మింగి ఉంటది."

ఆధార్ కేంద్రంలో కొత్త నంబరు కలిపించడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజుల్లో సంచిలోని బిల్లులన్నీ నేను, అంజమ్మ ఎదురెదురుగా కూర్చుని లెక్కేశాం. ఆమెకు చదవడం రాదు. కాగితం రంగును బట్టి ఏది ఏ దుకాణానిదో, ఆ రోజు ఏ గోడ లేచిందో చెప్పేది. ఆ ఏడాది చిన్న పనులతో కలిపి సాయిలుకు నిజంగా మిగిలింది నాలుగు లక్షల ఇరవై వేలకు దగ్గరగా తేలింది. ఆరు శాతం లెక్క కంటే కొంచెం ఎక్కువే. ఆ ఎక్కువే చూపించాం. పన్ను అప్పటికీ సున్నాయే.

క్రిస్మస్‌కు నాలుగు రోజుల ముందు సాయిలు ఫోనుకు ఆ సంఖ్య వచ్చింది. ఒక్కొక్క అంకె పైకి చదువుతూ తనే నొక్కాడు. తెర మీద పచ్చ గుర్తు పడింది.

"ఇగ అయిపోయిందా మేడం?"

"అయిపోయింది. నువ్విప్పుడు లెక్కలో ఉన్న మనిషివి."

"ఇన్నేండ్లు లెక్కల లేనా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, కానీ ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఎన్ని ఇళ్లు కట్టాడతను! ఏ కాగితంలోనూ అతని పేరు లేదు.

యాదిరెడ్డి వడ్డీ నలభై వేల పైచిలుకు అయింది. గొణుక్కుంటూ కట్టాడు. పాత జవాబు చింపేసి కొత్తది రాశాను. అందులో బాధ్యత గల పౌరుడు అనే మాట తీసేశాను. నాకు ఈ నియమం తెలియదు, పన్ను ఆపలేదు, ఆపిన మూడు లక్షలు వాన కోసం ఆపాను, వాన దాటాక ఇచ్చేశాను అని ఉన్నదున్నట్టు రాసి, కార్డు రెండు వైపులా నకలు తీసి, దసరాకు చేసిన బ్యాంకు బదిలీ, వడ్డీ చలాను, సాయిలు రిటర్ను, నా సర్టిఫికెట్ జతచేశాం. పంపేముందు ఆఫీసు తలుపు దగ్గర నిలబడి చిన్న ప్రార్థన చేశాను. మా మీద దయ చూపించమని కాదు, చదివే అధికారికి ఓపిక ఇమ్మని.

కొన్ని నెలల తర్వాత జవాబు వచ్చింది. వివరణ అంగీకరించి, విషయం ముగించినట్టు. నేను ఫోన్ చేసి యాదిరెడ్డికి చెప్పాను. అంతా విని, "ఆ సెక్షను నంబరు ఏమన్నవ్ బిడ్డా? రాసిపెట్టుకుంట," అన్నాడు.

*

ఈ కేసు నా చదువులో లేనిది ఒకటి నేర్పింది. మనుషులు చట్టాన్ని తప్పేది ఎప్పుడూ దురాశ వల్ల కాదు. ఒక్కోసారి వాళ్ల దగ్గర అప్పటికే ఒక మంచి నియమం ఉంటుంది, అది చాలనుకుంటారు. వాన పైసలు ఆపి తిరిగిచ్చే మనిషికి న్యాయం తెలియదని ఎలా అంటాం? ఆ న్యాయం పక్కన ఇంకొకటి ఉందని చెప్పేవాళ్లు కావాలి, సమయానికి. ఆ చెప్పేవాళ్లలో నేనూ ఒకదాన్ని.

అందుకే ఇప్పుడు గృహప్రవేశం కార్డు ఎవరిచ్చినా, ముహూర్తం చూడకముందే వెనక్కి తిప్పి, పెన్ను వాళ్ల చేతికే ఇస్తాను. కట్టింది ఎవరు, ఈ ఏడాది ఎంత ఇచ్చారు, పన్ను ఆపారా అని మూడు ప్రశ్నలకు జవాబు రాసిస్తేనే విందుకు వస్తానంటాను. కొందరు నవ్వుతారు. చాలామంది రాస్తారు.

మొన్న వానాకాలానికి ముందు సాయిలు ఒక కొత్త యజమానిని వెంటబెట్టుకుని వచ్చాడు. డెబ్బై లక్షల పని, ఇంకా పునాది కూడా తవ్వలేదు. రెండేళ్ల రిటర్నులు చూసి బ్యాంకు అతనికి కాంక్రీటు మిక్సరుకు అప్పు ఇచ్చింది. దానికి తోడు ఇప్పుడు రెండు స్లాబులకు సరిపోయేన్ని ప్లేట్లున్నాయి. కొత్త యజమానికి అన్నీ అతనే చెబుతున్నాడు, నేను వింటున్నాను.

"యాభై దాటుతది సార్, అందుకే రెండు పర్సెంట్ ఆపుండ్రి. నా పాన్ మీద కట్టుండ్రి. కట్టినట్టు 16డి అని కాయితం వస్తది, అది నాకియ్యాలె. వాన పైసలు వేరే. అవి సర్కారుయి గావు, మనిద్దరియి. రెండు కలపొద్దు."

"రెండు ఆపితే నీకు నష్టం కాదా?" అన్నాడు ఆ యజమాని.

"నష్టమేంది సార్? ఆ కాయితంల నా పేరుంటది," అన్నాడు సాయిలు. పక్కన కూర్చున్న అంజమ్మ చేపల వాసన లేని కొత్త సంచి ముడి విప్పి, ఆ కాగితానికి చోటు చూడడం మొదలుపెట్టింది.